కాలవ అవతల ఇళ్లు

అక్టోబరు మొదటి వారం. ఈశాన్య రుతుపవనం ఇంకా దిగలేదు గానీ మధ్యాహ్నానికల్లా సముద్రం మీద మబ్బు కడుతోంది. మా బావ బండెక్కి కొత్తపట్నం నుంచి కావలి దిగువ దాకా తీరం వెంబడి రెండు రోజులు తిరిగాం. బావ బేల్దారి మేస్త్రి. బండి ముందు సంచిలో జె బోల్టులు, రబ్బరు వాషర్లు, ఒక కట్ట బైండింగు తీగ, డ్రిల్లు మిషను ఉన్నాయి. ఒక అవ్వ ఇంటి రేకులు బిగించాలని బయలుదేరాం. మిగతా ఊళ్లు దారిలో చూసినవి.

అవ్వ యానాదుల మనిషి. వాళ్లాయన మా పొలానికి కాపలా ఉండేవాడు. 1989 నవంబరు 8 రాత్రి నాకు ఎనిమిదేళ్లు. కావలిలో మా పెంకుటింటి తలుపును మా నాన్న, ఆ తాత చెరొక భుజం ఆనించి తెల్లవార్లూ పట్టుకుని నిలబడ్డారు. ఆ తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడ వందల మందిని పొట్టన పెట్టుకుని, భూమి దాటి బంగాళాఖాతంలో పడి, మళ్లీ బలిసి కావలి దగ్గర తీరం దాటిందని పెద్దయ్యాక చదివాను. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. తెల్లారాక తాత తన గుడిసె చూసుకోవడానికి పోతుంటే నేనూ వెంట పోయాను. కప్పును మోసే నిట్టాడి పాతిన గుంత ఉంది, గుంత నిండా నీళ్లు ఉన్నాయి. ఇంకేమీ లేదు.

కొత్తపట్నం పక్క పాలెంలో తాటాకు ఇళ్ల మీద పాత వలలు కప్పి, కొసలకు ఇసక బస్తాలు వేలాడదీసి ఉన్నాయి. వల అల్లుతున్న పెద్దాయన్ని అడిగితే, "గాలి ముందు చూరు కింద దూరుద్దయ్యా. ఆ తరవాతే ఇంటిని పైకి లేపుద్ది" అన్నాడు. చూరు బయటికి ఎంత పొడుగ్గా ఉంటే గాలికి అంత పట్టు దొరుకుతుంది. అందుకే ఆయన ఇంటి చూరు జానెడే. వానకు గోడ తడిస్తే తడవనీ అన్నాడు.

అక్కడికి కాస్త దూరంలో ఒక చుట్టిల్లు మిగిలి ఉంది. ఇప్పుడు అందులో వలలు, తెడ్లు పెట్టుకుంటున్నారు. తల బాగా వంచితే తప్ప లోపలికి పోలేం. బావ దాని చుట్టూ మూడు సార్లు తిరిగాడు. మూల లేని ఇల్లు కాబట్టి గాలికి ఎక్కడా అడ్డం తగలదు, చుట్టూ జారిపోతుంది. కప్పు వాలు కూడా నిటారుగా ఉంటుంది. "దీన్ని కట్టినోడు ఏ కాలేజీకి పోయుంటాడు?" అన్నాడు బావ. అయితే గాలికి నిలిచే ఆ మట్టిగోడ నీళ్లు మూడు రోజులు నిలిస్తే కూలిపోతుంది. మా తీరానికి తుఫానంటే గాలి ఒక్కటే కాదు, నీళ్లు కూడా.

మర్నాడు పొద్దున కావలిలో కారం దోశ తిని తుమ్మలపెంట వైపు మళ్లాం. ఈ తీరం పొడుగునా బకింగ్‌హాం కాలవ సముద్రానికి సమాంతరంగా పోతుంది. పాలేల్లో చాలా వరకు కాలవకూ సముద్రానికీ మధ్యనే ఉంటాయి. తుఫాను వస్తే కాలవ మీది వంతెన దాటే బయటికి రావాలి. వంతెన మీదికి నీళ్లొస్తే ఇక అక్కడివాళ్లు అక్కడే. దారిలో ఒక వంతెనకు పిట్టగోడ ఒక పక్కన అసలే లేదు. రాత్రిపూట, వానలో, చంకలో పిల్లను పెట్టుకుని దాని మీద నడిచే మనిషి కళ్ల ముందు కదిలి బండి ఆపించాను.

వంతెన దాటాక తుఫాను షెల్టరు. స్తంభాల మీద ఎత్తుగా, కింద ఖాళీగా కట్టారు, ఉప్పెన నీళ్లు అడుగు నుంచి పోవడానికి. 1977 దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1990 మేలో దాదాపు అంత గాలే మచిలీపట్నం వైపు వస్తే చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. ముందే చెప్పి, లక్షల మందిని ఇళ్లలోంచి కదిలించబట్టే ఆ తేడా. అందుకే ఈ షెల్టర్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లను మాటల్లో పెడితే వేరే సంగతులు బయటపడ్డాయి. మరుగుదొడ్డికి నీళ్లు రావు. మేకలను రానివ్వరు. "మేకను ఒదిలేసి నేను బతికి యాడికి పోవాల?" అంది ఒకామె. యానాదులొస్తే వరండాలోనే కూర్చోమంటారని ఇంకొకామె గొంతు తగ్గించి చెప్పింది. వానజల్లు కొట్టే వరండాలో రాత్రంతా కూర్చునే బదులు గుడిసెలోనే ఉండిపోవడాన్ని మనం మొండితనం అంటున్నాం.

అవ్వ ఇల్లు కాలవ కట్ట మీద. పోరంబోకు జాగా, పట్టా లేదు. మనవడు రొయ్యల గుంటల దగ్గర పనిచేసి రెండేళ్ల కిందట సిమెంటు రేకులు వేయించాడు. మమ్మల్ని చూసి, "ఎండన పడి వచ్చుండారే అబ్బయ్యా" అంటూ ఈతాకు చాప పరిచింది.

బావ నిచ్చెనెక్కి ఒక రేకు మీద చెయ్యి పెట్టి ఊపాడు. టకటకమంది. రేకులకు మేకులు కొట్టి, వాటి కింద సోడా మూతలు చితక్కొట్టి వేశారు. తుప్పు పట్టిన మూత వేలితో నొక్కితే పొడిగా రాలింది. మేకులన్నీ రేకు గాడిలోనే దిగాయి, నీళ్లు పారే చోట. బావ ఒక్కొక్కటీ పీకి, రేకు గట్టు మీద బెజ్జం వేసి, జె బోల్టు కొక్కేన్ని కింది పట్టెకు తగిలించి, వాషరు వేసి బిగించాడు. నడుమ అడుగున్నరకొకటి, అంచుల్లో, మూలల్లో అడుగు లోపలే ఒకటి. గాలి ముందు మూల రేకునే లేపుతుంది. అది లేస్తే మిగతావి దాని వెంటే పోతాయి. ఆ తరవాత గోడలోంచి తీగ దూర్చి పట్టెలను బిగించి కట్టాడు. బోల్టులకు, వాషర్లకు, తీగకు కలిపి మాకైన ఖర్చు మూడు వేలు దాటలేదు. ఇంజనీర్ల ప్రమాణాల్లో నెల్లూరుకు లెక్కకట్టే గాలి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. ఈ గోడలు 180ని ఆపుతాయని బావ మాట ఇవ్వలేదు. "నూరు కిలోమీటర్ల గాలికి నిలబడుద్ది అవ్వా. పెద్ద గాలి అని చెప్తే మాత్రం షెల్టరుకు పో" అన్నాడు.

మనవడు మమ్మల్ని పక్కకు తీసుకుపోయి ఒక కాగితం చూపించాడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర దాటిన రోజుల్లో వాళ్ల పాత గుడిసె పడిపోయింది. పరిహారానికి పెట్టిన అర్జీ అది. అప్పటి కేంద్రం నిబంధనల్లో ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, గుడిసె పోతే 8,000. అదీ అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరిస్తేనే. వీళ్లకు ఎనిమిది వేలు కూడా రాలేదు. పట్టా లేదన్నారట. నేల కాగితం లేకపోతే కూలిన ఇల్లు కూడా లెక్కకు రాదు. ఆ రోజంతా నన్ను ఇదే తొలిచింది. బోల్టు మేం తేగలిగాం. కాగితం ఎక్కణ్నుంచి తేగలం?

కాలవ ఇవతల కొత్త కాలనీలో ఇప్పుడు వీళ్లకు సెంటున్నర చొప్పున స్థలాలు వచ్చాయి, చేతిలో పట్టాలూ ఉన్నాయి. పునాదులు లేస్తున్నాయంటే సంతోషంగానే వెళ్లాం. బావ మాత్రం అక్కడ అడుగు పెట్టగానే మాట తగ్గించేశాడు. నేల చుట్టూ తుంగ ఉంది. తుంగ ఉందంటే నీళ్లు నిలిచే పల్లం. కాలనీ అంచున కరెంటు స్తంభం మీద, మోకాలి ఎత్తులో, మిచౌంగ్ నీళ్లు వదిలిన బురద చార ఇంకా తెలుస్తోంది.

బావ సంచిలోంచి నీళ్ల పైపు తీశాడు. బేల్దార్లు మట్టం చూసే సన్నటి తెల్ల గొట్టం. ఒక కొస నాకిచ్చి స్తంభం దగ్గర నిలబెట్టాడు. గొట్టంలో నీళ్లను నేను చారకు సరిగ్గా పట్టుకున్నాను. రెండో కొస పట్టుకుని ఆయన అవ్వ మనవడి పునాది దగ్గరికి పోయాడు. నీళ్లు ఊగి ఊగి ఆగాయి. ఆగిన చోట ఇటుక ముక్కతో గూటానికి గీత గీశాడు. పునాది ఆ గీతకు జానెడు కింద ఉంది.

ఈలోగా పది మంది ఆడవాళ్లు చేరారు. మాకూ చూడు, మాకూ చూడు అంటే పొద్దుగూకే దాకా పదకొండు పునాదులకు గీతలు పెట్టాం. మూడే గీతకు పైన ఉన్నాయి. జాగా మార్చమని మండలంలో ఎవరిని అడగాలి, ఇప్పుడే నాలుగు వరసలు లేపితే ఎన్ని ఇటుకలు కావాలి, మెరకకు మన్ను యాడ తోలుకోవాలి అని వాళ్లలో వాళ్లే వాదించుకుంటున్నారు. అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చి ఎర్ర గీత మీద వేలు పెట్టి చూసింది.

"ఈడ దాకా లేపితే చాలునా అబ్బయ్యా?"

"చాలదు అవ్వా. ఆ ఏడు వచ్చిన నీళ్లకు కొలత అది" అన్నాడు బావ, గొట్టం చుట్టుకుంటూ. "దాని మీద ఇంకో రెండు వరసలు పెట్టించు."