పాప కాళ్ళు ఇరుకైపోయాయని సీటు తిప్పేద్దామనుకున్నాం

మా పాపకి ఇరవై నెలలు నిండాయి. పుట్టినప్పుడు కొన్న, కారు వెనక వైపుకి తిరిగి ఉండే పిల్లల కార్ సీట్లో తల పై అంచు దాకా వచ్చేసింది, ఇక కొత్తది కొనక తప్పలేదు. కారెక్కిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "పాపం, కాళ్ళు ముడుచుకుని కూర్చుంటోంది, ఈసారైనా ముందుకి తిరిగి ఉండే సీటు తీసుకోండి" అని. మా అత్తయ్యగారైతే ఆ ముడుచుకున్న కాళ్ళు చూసినప్పుడల్లా బాధపడిపోయేవారు. నాకూ అదే సబబు అనిపించింది, దాదాపు కొనేశాం కూడా.

కొనేముందు నాలుగు రోజులు కూర్చుని చదివాను కాబట్టి సరిపోయింది.

కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే కారు ఆగుతుంది కానీ లోపలున్న మనుషులు అదే వేగంతో ముందుకి పోతారు. ముందుకి తిరిగి కూర్చున్న పిల్లల భుజాల్ని పట్టీలు పట్టుకుంటాయి, తలని పట్టుకునేది మాత్రం మెడ ఒక్కటే. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల చాలా బరువు, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, మధ్యలో మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అదే వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపు భాగానికి ఆనుకుంటాయి, దెబ్బ మొత్తం వీపంతా పంచుకుంటుంది. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మాన్ అనే ఆయన 1964లోనే వోల్వో కారులో ఇలాంటి సీటు పెట్టి పరీక్షించారట, రాకెట్‌లో వ్యోమగాములు వెల్లకిలా పడుకోవడం చూసి వచ్చిన ఆలోచన అది.

మరి కాళ్ళ మాటేమిటి? ఇంట్లో మా పాప ఆడుకునేటప్పుడు గమనించాను, ఎంత చోటున్నా అది బాసింపట్టు వేసుకునో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకునో కూర్చుంటుంది. ఇబ్బంది మనకి కనిపిస్తోంది కానీ దానికి లేదు.

అందుకని కొనేటప్పుడు ముందు చూసింది ఒక్కటే, వెనక్కి తిప్పి ఎంత ఎత్తు, ఎంత బరువు వరకు వాడొచ్చు అని. పిల్లల కార్ సీట్ల కోసం యూరప్‌లో ఉన్న ఆర్129 అనే భద్రతా నియమంలో 15 నెలలు దాటేవరకు వెనక్కే ఉండాలని ఉంది, దాన్ని చూసి చాలామంది 15 నెలలు రాగానే తిప్పేయాలనుకుంటారు. అది కనీస గడువు మాత్రమే. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2018లో రెండేళ్ళు అన్న గీతని తీసేసి, సీటు మీద రాసిన ఎత్తు, బరువు పరిమితి వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. వెనక్కి తిప్పి 105 సెంటీమీటర్ల ఎత్తు వరకు వాడగలిగే సీట్లు దొరుకుతున్నాయి, మేం అలాంటిదే తీసుకున్నాం. కొనేముందు మా కారులో పెట్టి చూశాం, ఎందుకంటే సీటు ఎంత మంచిదైనా మన కారులో కదలకుండా కూర్చోకపోతే లాభం లేదు. బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు.

వదిన వాళ్ళ పాత సీటు ఇస్తామన్నారు, వద్దన్నాం. పదేళ్ళుగా అటక మీద ఉంది, గడువు తేదీ కూడా దాటిపోయింది. ప్లాస్టిక్ పాతబడి పెళుసెక్కుతుంది. ఇక ఒకసారి యాక్సిడెంట్ చూసిన సీటైతే పైకి బాగానే కనిపించినా వాడకూడదు, అందుకే ముక్కూమొహం తెలియని వాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్ కొనొద్దు.

మొదటి వారం పట్టీల విషయంలో పెద్ద తప్పే చేశాను. పాపకి దళసరి స్వెట్టర్ వేసి, బిగించాననుకుని బయల్దేరాం. దిగాక స్వెట్టర్ తీసి, పట్టీలు అలాగే ఉంచి మళ్ళీ కూర్చోబెడితే నా చేయి మొత్తం లోపలికి దూరింది! నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు పలచటి బట్టలతోనే కూర్చోబెట్టి, పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పుతున్నాను. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూస్తాను, వేళ్ళ మధ్యకి మడత రాకపోతే సరిగ్గా ఉన్నట్టు. వెనక్కి తిరిగి ఉన్నంతకాలం పట్టీలు భుజాలకి సమంగానో కాస్త కిందనో మొదలవ్వాలి.

ఇంకో మాట, ముందు సీట్లో ఎయిర్ బ్యాగ్ ఆన్‌లో ఉంటే వెనక్కి తిరిగే సీటు అక్కడ పొరపాటున కూడా పెట్టొద్దు, ఆ బ్యాగ్ విచ్చుకునే జోరు నేరుగా పిల్లల తల వెనకే తగులుతుంది. ఏడుస్తోంది కదా అని ఒళ్ళో పెట్టుకోవడమూ అంతే. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పదకొండు కిలోల పాప ఆ క్షణంలో కొన్ని వందల కిలోల బరువుతో లాగుతుంది, ఎంత గట్టిగా పట్టుకున్నా ఏ చేతులూ ఆపలేవు.

నిన్న అత్తయ్యగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ వెనక సీట్లో పాప పక్కన కూర్చుని, తనే రెండు వేళ్ళతో పట్టీ గిల్లి చూసి, "ఇంకొంచెం బిగించు" అన్నారు.