బడి కాడి టీవీ

మంగళవారం. పొద్దున టీవీ పోయింది. అంటే మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. మెకానిక్ అబ్బాయి వచ్చి వెనక మూత కూడా విప్పకుండానే "ప్యానెల్ పోయింది అంకుల్, ఇది మార్పించే బదులు కొత్తది కొనుక్కోండి" అన్నాడు, ఆ మాట అన్నందుకు మూడు వందలు తీసుకున్నాడు. మా ఆవిడకి సాయంత్రం సీరియల్ ఏమైపోతుందోనని టెన్షన్. నాకు మాత్రం బొమ్మ లేకుండా వార్తలు వినడం హాయిగానే ఉంది. అరుస్తున్నవాళ్ల మొహాలు చూడక్కర్లేదు.

సాయంత్రం కూరగాయలకని ఈసీఐఎల్ చౌరస్తా దాకా నడిచాను. టమాటాలు బాగాలేవు, దొండకాయలు తీసుకున్నాను. కండక్టర్లు "ఈసీఐఎల్, ఈసీఐఎల్" అని పిలుస్తుంటే ఎన్నేళ్ల నుంచో వింటున్నదే కానీ ఇవ్వాళ టీవీ ధ్యాసలో ఉన్నందుకేమో ఠక్కున తట్టింది, నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన మొట్టమొదటి టీవీ తయారైంది ఈసీఐఎల్ అనే ఈ సర్కారు ఎలక్ట్రానిక్స్ కంపెనీలోనే కదా అని. సంచీ పట్టుకుని అక్కడే బస్ స్టాపులో కాసేపు కూర్చున్నాను.

1975లో నాకు తొమ్మిదేళ్లు. మాది మెదక్ జిల్లాలో ఒక మామూలు ఊరు. బడికీ, పంచాయతీ ఆఫీసుకీ, ఇంకో పదీ పదిహేను ఇళ్లకీ కరెంటు ఉండేది. ఆ వానాకాలం సర్కారు మనుషులు వచ్చి బడి ఆవరణలో పది అడుగుల వెడల్పున్న గొడుగు ఒకటి బిగించారు. గొడుగంటే గుడ్డది కాదు, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనప జాలీతో చేసింది. పడమటి ఆకాశంలోకి మొహం పెట్టి ఉండేది. ఊళ్లో అందరూ దాన్ని జల్లెడ అనేవాళ్లు. మా తాత దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, బిగిస్తున్న మనిషిని "ఏం జల్లిస్తరయ్యా దీంట్ల?" అని అడిగాడు. అతను నవ్వి ఊరుకున్నాడు.

దాని పేరు సైట్ అనీ, అంటే ఉపగ్రహం ద్వారా టీవీలో పాఠాలు చెప్పే ప్రయోగమనీ, అమెరికా వాళ్లు ఏడాది పాటు అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని తూర్పు ఆఫ్రికా నెత్తి మీదకి జరిపి అక్కడి నుంచి నేరుగా మన ఊళ్లకి టీవీ బొమ్మలు పంపారనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లు, మన రాష్ట్రంలో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల్లోవి. 1975 ఆగస్టు 1న మొదలు. మన అంతరిక్ష పరిశోధనకి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ బతికుండగా, 1969లోనే నాసాతో ఒప్పందం కుదిరింది కాబట్టి దీన్ని ఎమర్జెన్సీ కోసం పెట్టారనడం తప్పు. కానీ పెట్టె ఊరికి వచ్చేనాటికి ఎమర్జెన్సీ వచ్చి అయిదు వారాలైంది. మా ఊళ్లో ఈ రెండూ ఒకేసారి దిగాయి, ఒకటి కనపడింది, ఒకటి కనపడలేదు.

పొద్దున పూట బడి పిల్లలకి వేసేవాళ్లు, సాయంత్రం ఊరందరికీ. సెట్టుకి కాపలా మా బళ్లో సారే, తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది కాబట్టి ఆ ఏడాదంతా సర్పంచి కంటే ఆయనకే మర్యాద ఎక్కువ. వరండాలో బల్ల మీద టీవీ పెడితే మేం ముందర నేల మీద, ఆడవాళ్లు ఎడమ పక్క, మగవాళ్లు కుడి పక్క బీడీలు కాలుస్తూ, మాదిగవాడ వాళ్లు అందరికంటే వెనక ప్రహరీ అవతల నిలబడి. సర్కారు సొమ్ముతో వచ్చిన పెట్టె అందరిదీ అని మొదటి రోజు ఎవరో ఆఫీసరు మైకులో చెప్పాడు. అందరిదే, నిలబడే చోటే వేరు. ఇది అప్పుడు నాకు వింతగా కూడా అనిపించలేదు, రాయాలంటే ఇప్పుడు చెయ్యి ఆగుతోంది.

తెలుగు వంతు గంట కూడా నిండేది కాదు. ఎరువులు, విత్తనాలు, పిల్లలకి టీకాలు, మధ్యలో ఒక జానపద పాటో బుర్రకథో. కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ల బొమ్మ రాగానే మగవాళ్లంతా బీడీ ముట్టించుకోవడానికన్నట్టు లేచి బయటికి పోయేవాళ్లు, అప్పటిదాకా అక్కడే కూర్చుని కాల్చినవాళ్లు కూడా. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. తర్వాత అన్ని రాష్ట్రాలకీ కలిపి ఢిల్లీ నుంచి హిందీలో వార్తలూ అవీ. మా ఊళ్లో పట్వారీకీ, పాత నిజాం పోలీసు ఒకాయనకీ తప్ప హిందీ ఎవరికీ సరిగ్గా రాదు, అయినా ఎవరూ లేచేవాళ్లు కాదు. ఇందిరమ్మ విమానం దిగుతోంది, ఇందిరమ్మ చీర కొంగు తల మీదికి లాక్కుంటోంది, ఇందిరమ్మకి ఎవరో పసిపిల్ల పూలు ఇస్తోంది. నిజాం పోలీసాయన తర్జుమా చేసేవాడు: "ఇరువై సూత్రాలంట. ఇండ్ల జాగలిస్తరంట. వెట్టి బందంట." రోజూ అవే ఇరవై సూత్రాలు. నాకు ఇప్పటికీ కొన్ని వరసగా వచ్చు.

చాలా సంతోషంగా ఉండేది, అదే సంగతి. నియంతృత్వం అంటే పుస్తకాల్లో చదివినట్టు భయంభయంగా, చీకటిగా ఉండాలి కదా. నా గుర్తుల్లో అలాంటిదేం లేదు. తడిమట్టి వాసన, బీడీ పొగ, నీలంగా వెలిగే పెట్టె, ముందు వరసలో చోటు కోసం గంట ముందే పరచిన గోనెపట్టా. ఏడాదిలో నేను ఏడ్చింది ఒక్కసారే, జ్వరమొచ్చి సాయంత్రం టీవీకి పోనివ్వనప్పుడు. మా అల్లుడు అంటాడు, 21 నెలల దానికి అంత పెద్ద మాటెందుకు మామయ్యా, హిట్లర్ టైపు కాదు కదా అని. కాదు, నేనూ ఒప్పుకుంటా. కానీ ఏది చూపించాలో ఒక్క చోటే తేలేది, దాన్ని కాదనే గొంతు ఏ పేపర్లోనూ వినపడేది కాదు. మా ఊరికి ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరు కూడా సెన్సార్ దాటి వచ్చిందే. ఆ వరసలో ఇంకా ముందుకు పోయి, గాయకుడు కిశోర్ కుమార్ కాంగ్రెస్ వాళ్ల కార్యక్రమానికి రానన్నాడని రేడియోలో, టీవీలో ఆయన పాటలు ఆపేశారు కూడా. ఇది తర్వాత ఎమర్జెన్సీ అక్రమాల మీద విచారణ జరిపిన షా కమిషన్ ముందుకొచ్చిన సంగతే.

మా జిల్లా సంగతి చెప్తాను. టీవీ మొదలవడానికి కొద్ది రోజుల ముందే, ఆ జులై నెలాఖరులో, మా మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని పోలీసులు కాల్చి చంపారు. ఎన్‌కౌంటర్ అన్నారు. ఎమర్జెన్సీ ఎత్తేశాక పౌరహక్కుల వాళ్ల తార్కుండే కమిటీ వచ్చి విచారిస్తే గానీ అక్కడ ఏం జరిగిందో లోకానికి తెలీలేదు. మా జిల్లాయే. మేమేమో ఆఫ్రికా నెత్తి మీది నుంచి వచ్చే బొమ్మ చూస్తున్నాం.

ఇక చిన్నాయిన. మా నాయినకి ఆఖరి తమ్ముడు, అప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు, విద్యార్థి సంఘంలో తిరిగేవాడు. నాకు గుర్తున్నదిది: దసరా దాటింది, దీపావళి ఇంకా రాలేదు. టీవీలో కోళ్లకు కొక్కెర రోగం రాకుండా టీకా ఎలా వెయ్యాలో చూపిస్తున్నారు. ప్యాంటు చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన తెల్ల కోడిని రెక్కలు వెనక్కి మడిచి పట్టుకున్నాడు, ఇంకో మనిషి సూది పొడుస్తున్నాడు. మా అమ్మ "కోడినట్ల వట్టుకుంటరా, రెక్క విరుగది?" అంది, పక్కనున్నవాళ్లు అవునన్నారు. అంతలో రోడ్డు మీది నుంచి జీపు లైట్లు నేరుగా వరండా మీద పడ్డాయి. బొమ్మ మొత్తం తెల్లబోయింది. "ఎవడ్రా లైటు, ఆర్పుండ్రి!" అని ఊరు ఊరంతా అరిచింది, నేనూ అరిచాను. లైట్లు పక్కకి తిరిగాయి. కోడి మళ్లీ కనపడింది. ప్రోగ్రాం అయ్యాక ఇంటికి వస్తే నాయనమ్మ గడప మీద కూర్చుని ఉంది, లోపల చిన్నాయిన పుస్తకాలు నేల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి.

అమ్మ మాత్రం ఇలా కాదంటుంది. ఆమెకిప్పుడు ఎనభై అయిదు, మనకంటే బాగా గుర్తుంటాయి. "ఆ దినం టీవీ యాడుందిరా, కరెంటే లేకుండె. పొద్దుగాల తీస్కపోయిండ్రు. కోళ్లది అంతకు ముందెప్పుడో." నేను యాభై ఏళ్లుగా మోస్తున్న ఆ జీపు లైటు నిజమో, రెండు సాయంత్రాలు కలిపి నేనే కుట్టుకున్నానో ఇప్పుడు చెప్పలేను. కానీ చెల్లాచెదురైన పుస్తకాలు నిజం. విచారణ లేకుండా జైల్లో ఉంచే మీసా చట్టం కింద పెట్టారని నాయినకి వారం తర్వాత ఎవరో చెబితే తెలిసింది, ముషీరాబాద్ జైలు. అందులోనే ఆ డిసెంబర్ 1న ఆదిలాబాద్ రైతులు భూమయ్యనీ కిష్టాగౌడ్‌నీ ఉరి తీశారు. చిన్నాయిన ఆ రోజు అక్కడే ఉన్నాడు. దాని గురించి ఎప్పుడు అడిగినా "ఆ తెల్లారి ఎవ్వలం బువ్వ తినలే" అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పడు.

నాయిన రెండుసార్లు ములాఖత్‌కి పోయొచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రం కూడా బడి కాడికి టీవీకి వచ్చాడు. హిందీ వార్తల్లో ఇందిరమ్మ కనపడితే లేచి పోలేదు, తల తిప్పుకోలేదు, బీడీ కాలుస్తూ చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలీదు. 1977 మార్చిలో తమ్ముడు ఇంకా లోపల ఉండగానే ఇందిరమ్మ కాంగ్రెస్ గుర్తు ఆవు-దూడకే ఓటేశాడు. తర్వాత నేను పెద్దయ్యాక అడిగితే "ఎకరంన్నర పట్టా ఇచ్చింది గద" అన్నాడు, చాలా మామూలుగా. ఆయనొక్కడే కాదు, ఉత్తరాదిలో కొట్టుకుపోయిన పార్టీకి మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 వచ్చాయి, మిగిలిన ఒక్క నంద్యాల నీలం సంజీవరెడ్డికి పోయింది. మూడేళ్లకి ఇందిరమ్మ మా మెదక్ నుంచే నిలబడి గెలిచింది. చిన్నాయిన నాయినని ఓటు సంగతి ఎప్పుడూ అడగలేదు, నాయిన చెప్పలేదు, ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

ఎమర్జెన్సీ కంటే టీవీయే ముందు పోయింది. 1976 జులై 31కి ఏడాది అయిపోయింది, ఉపగ్రహాన్ని అమెరికా వాళ్లు వెనక్కి జరుపుకున్నారు. మర్నాడు సాయంత్రం అలవాటు కొద్దీ అందరం పోయి కూర్చున్నాం. సారు తాళం తీసి, మీట నొక్కి, చిమచిమలాడే తెల్ల చుక్కలు చూపించి "ఇగ ఇంతే" అన్నాడు. ఊళ్లో జనం తహసీల్దారు ఆఫీసుకి పోయి మొత్తుకున్నది ఆ ఒక్క దానికే, మా టీవీ మాకియ్యాలె అని. చిన్నాయిన కోసం ఎవరూ పోలేదు. పోవచ్చనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదనుకుంటా. తర్వాత సెట్టుని ఎవరో సర్కారు వాళ్లు వచ్చి తీసుకుపోయారు, జల్లెడ మాత్రం చాలా రోజులు అక్కడే తుప్పు పట్టింది, ఆఖరికి జాలీని ఎవరింటికో కోళ్ల గూటికి విప్పుకుపోయారు.

ఇదంతా బస్ స్టాపులో కూర్చుని ఆలోచిస్తుంటే దొండకాయల సంచీ బరువు తెలిసింది. అక్కడి నుంచే చిన్నాయినకి ఫోన్ చేశాను. ఇప్పుడు సిద్దిపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాడు, చెవులు కొంచెం మందం, గట్టిగా మాట్లాడాలి. బస్సుల చప్పుడులో "చిన్నాయినా, మన బడి కాడ టీవీ ఉండె, యాదుందా?" అని అరిచాను. పక్కనున్న ఆడపిల్ల ఇయర్‌ఫోన్ తీసి నా వంక చూసింది.

"నేనెక్కడ చూసిన్రా," అన్నాడు. "మొదలు వెట్టిన్నాడు నేను పట్నంల ఉంటి. పండుగకొచ్చిన నాల్గు దినాలు మిషిన్ ఖరాబై మూలకున్నది. ఇడిసిపెట్టినంక ఇంటికొస్తే ఉత్త కట్టెలే ఉండె."

నిజమే. ఇన్నేళ్లలో నాకు ఇది తట్టనే లేదు.

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. అప్పుడు అడిగాడు, "ఇంతకీ ఏమొస్తుండెరా అండ్ల?"

"కోళ్లకు టీకాలు," అన్నాను.

"ఆఁ?"

"కోళ్లకు! టీకాలు!"

"ఓ," అన్నాడు. తర్వాత అమ్మ మోకాలి నొప్పి ఎట్లుందని అడిగాడు.