సర్టిఫికెట్ చూసి ఓవల్ వజ్రం కొన్నాను, తిరిగి పంపేశాను

ముందే చెప్పేస్తున్నా, నేను నగల వ్యాపారిని కాదు. ఇక్కడే వైజాగ్‌లో, ఎంవీపీ కాలనీలో ఉంటాను, ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. పెళ్లయి 15 ఏళ్లు అయిన సందర్భంగా ఒంటి రాయి ఉంగరం ఒకటి కొనుక్కుందామని ఏడాది నుంచి దాస్తూ వచ్చిన డబ్బు ఉంది. గుండ్రటి రాయి వద్దు, ఓవల్ కావాలి అని మనసులో ఎప్పుడో పడిపోయింది.

జగదాంబ నుంచి ఆశీల్‌మెట్ట దాకా ఒక ఆదివారమంతా తిరిగాం. ట్రేల నిండా రౌండ్ రాళ్లే. ఓవల్ అని అడిగితే రెండో మూడో తీసి చూపించి, "ఆర్డర్ ఇస్తే తెప్పిస్తాం మేడమ్" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. మనవాళ్లకి వజ్రం అంటే రవ్వ, రవ్వ అంటే గుండ్రం. మా అత్తయ్యకి వాళ్ల అమ్మగారిచ్చిన ఏడురాళ్ల దుద్దులున్నాయి, అందులో ఓవల్ ఊహించుకోండి చూద్దాం. అందుకే ఆన్‌లైన్‌కి వెళ్లాను.

వెళ్లి చేసిన మొదటి పని, సెల్‌ఫోన్ కొన్నట్టు ఫిల్టర్లు పెట్టడం. 1 క్యారెట్, అంటే 200 మిల్లీగ్రాములు. రంగు జి, అంటే డి నుంచి మొదలయ్యే మెట్లలో నాలుగోది, దాదాపు తెలుపే. క్లారిటీ విఎస్2, అంటే లోపలి మచ్చలు మామూలు కంటికి దాదాపు కనపడవు. జీఐఏ అనే అమెరికా ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్, అదే సర్టిఫికెట్. పాలిష్ ఎక్సలెంట్, సిమెట్రీ ఎక్సలెంట్ అని ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. "కట్", అంటే వెలుగు బాగా తిరిగొచ్చేలా కోశారా లేదా అన్న చోట ఆ వెబ్‌సైట్ వాళ్లు ఏదో గొప్ప పేరు కూడా రాసుకున్నారు. డబ్బు కట్టేశాను.

ఇక్కడే నాకు తెలియని సంగతి ఒకటుంది. జీఐఏ 2006 నుంచి కట్‌కి గ్రేడ్ ఇస్తోంది కానీ అది మామూలు రంగుల్లో ఉండే రౌండ్ బ్రిలియంట్‌కి మాత్రమే. ఓవల్, పేర్ (నీటిబొట్టు ఆకారం), మార్కీజ్ (రెండు మొనల పడవ ఆకారం), ఎమరాల్డ్ (మూలలు కోసిన దీర్ఘచతురస్రం), ప్రిన్సెస్ (చతురస్రం), కుషన్ (దిండు ఆకారం), వీటికి పాలిష్, సిమెట్రీ, కొలతలు, లోతు శాతం ఇస్తారు తప్ప కట్ బాగుందో లేదో చెప్పరు. రౌండ్‌కి 57 ముఖాలు, అంటే చెక్కిన పలకలు, ఏ కోణంలో ఉంటే వెలుగు బాగా తిరిగొస్తుందో లెక్క తేలిపోయింది, ఓవల్‌లో కోసేవాడిని బట్టి ముఖాల అమరికే మారిపోతుంది, ఒకే కొలమానం పెట్టడం కష్టం. అంటే ఆ వెబ్‌సైట్‌లో కట్ దగ్గరున్న గొప్ప పేరు ల్యాబ్ ఇచ్చింది కాదు, అమ్మేవాళ్లు వాళ్లకి వాళ్లే పెట్టుకున్నది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు.

రాయి వచ్చింది. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయమని మా ఆయన చెప్తే తీశాను, అది తర్వాత పనికొచ్చింది. ట్యూబ్‌లైట్ కింద చూస్తే రాయి నడుమ అడ్డంగా నల్లగా ఒక మచ్చ, రిసెప్షన్‌లో సూటు వేసుకున్న పెళ్లికొడుకు మెడకి కట్టే బో లాగా. దాన్ని బో టై అనే అంటారట. రాయిలో మురికి కాదు, లోపం కాదు. నడిమి ముఖాలు వెలుగుని తీసుకోకుండా, ఎదురుగా వంగి చూస్తున్న మన తలనే చూపిస్తాయి, తల అడ్డమొచ్చిన చోట నల్లగా కనిపిస్తుంది. ఓవల్, పేర్, మార్కీజ్ మూడింట్లోనూ ఎంతో కొంత ఉంటుంది. కొద్దిగా ఉండి, రాయి కదిపితే మాయమయ్యేది అందమే. నాకొచ్చినది ఎటు తిప్పినా పోలేదు.

రెండో తప్పు ఇంకా సిగ్గుపడాల్సింది, ఎందుకంటే అది లెక్క. రిపోర్ట్‌లో కొలతలు 7.3, 5.4, 4.0 మిల్లీమీటర్లు. లోతుని వెడల్పుతో భాగిస్తే 74 శాతం. అంటే నేను డబ్బు పెట్టిన బరువులో చాలా భాగం రాయి కింద, ఉంగరం లోపల, ఎవరికీ కనపడని చోట ఉంది. పైనుంచి చూస్తే చిన్న రాయి. రోజూ పిల్లలకి ఘనపరిమాణాలు చెప్తూ ఇది చూసుకోలేదంటే నన్నేమనాలి.

తిరిగి పంపాను. 15 రోజుల గడువుంది, డబ్బు పడేదాకా టెన్షన్ తప్పలేదు, రవాణా ఖర్చు మాత్రం పట్టుకున్నారు. ఆ కథ వద్దు.

రెండోసారి ఫిల్టర్లు పక్కన పెట్టి గ్రాఫ్ పేపర్ తీశాను. నచ్చిన ప్రతి రాయి పొడవు వెడల్పులు మిల్లీమీటర్ గళ్ల మీద గీసి, కత్తిరించి, వేలి మీద టేపుతో అంటించుకుని చూసుకోవడం. ఇంట్లో అందరూ నవ్వారు కానీ ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. పొడవుని వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య స్క్రీన్ మీద ఏమీ చెప్పదు, వేలి మీదే చెప్తుంది. 1.3 దగ్గర ఓవల్ బొద్దుగా ఉంటుంది, 1.5 దాటితే సన్నగా సాగినట్టుంటుంది. నా పొట్టి వేళ్లకి 1.4 కుదిరింది. ఇందులో తప్పొప్పుల్లేవు, ఎవరి కన్ను వాళ్లది.

1 క్యారెట్ అన్న పట్టుదల కూడా వదిలేశాను. సరిగ్గా 0.50, 1.00, 1.50 దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది, ఆ అంకె అందరికీ కావాలి కాబట్టి. చివరికి నేను తీసుకున్నది 0.92 క్యారెట్. కొలతలు 7.7, 5.5, 3.4, లోతు 62 శాతం. బరువు తక్కువ, ధర తక్కువ, పైనుంచి చూస్తే మొదటి దానికంటే పెద్దది! గ్రాఫ్ పేపర్ ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి మా ఆయనకి చూపించాను, నమ్మడానికి కాస్త టైమ్ పట్టింది.

వీడియోల సంగతి. వెబ్‌సైట్‌లో తిరిగే వీడియో చుట్టూ లైట్లు పెట్టి, బాగా పెద్దది చేసి తీస్తారు. అందులో కంటికి కనపడని చుక్క కూడా కొండలా కనిపిస్తుంది, కనపడాల్సిన బో టై మాత్రం దాక్కుంటుంది. అందుకని ముగ్గురు అమ్మకందారులకి రాసి, రాయిని చేత్తో పట్టుకుని, కిటికీ దగ్గర ఒకసారి, మామూలు ఆఫీసు లైటు కింద ఒకసారి ఫోన్‌తో తీసి పంపమన్నాను. ఇద్దరు పంపారు. మూడోవాళ్లు "సైట్‌లో వీడియో ఉంది కదా మేడమ్" అన్నారు, ఆ రాయి గురించి అక్కడితో మర్చిపోయాను.

ఓవల్‌లో రంగు చివర్ల దగ్గర కాస్త ఎక్కువ తేలుతుంది, అయితే పసుపు బంగారంలో పెట్టిస్తే హెచ్, ఐ మెట్ల రంగులు కూడా తెల్లగానే ఉంటాయి, అంతకంటే పై మెట్టు రంగుకి డబ్బు తగలేయక్కర్లేదు. మా చెల్లి ఎమరాల్డ్ షేప్ అడుగుతోంది, దానికి మాత్రం క్లారిటీ దగ్గర పిసినారితనం వద్దన్నాను, పెద్ద పెద్ద మెట్ల లాంటి ముఖాలు కదా, లోపల ఏముందో అద్దాల బీరువాలో చీరలా కనిపించిపోతుంది. పేర్, మార్కీజ్ కొనేవాళ్లు మొనలో పగులు గానీ మచ్చ గానీ ఉందేమో రిపోర్ట్ బొమ్మలో చూసుకోండి. రాయి విరిగేది అక్కడే. అలాంటి రాయికి మొనని కమ్ముకునే వి ఆకారం ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే బంగారు కొక్కెం) పెట్టించాలి.

రాయి విడిగానే కొన్నాను, 1.5 శాతం జీఎస్టీ. ఉంగరం కురుపాం మార్కెట్‌లో, మా అత్తయ్యగారి నగలన్నీ చేసిన కుటుంబం దగ్గరే చేయించాను. ఆ పెద్దాయన లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టుకుని రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరు చదివి, రిపోర్ట్ నంబరుతో సరిచూసి, "సరిపోయిందమ్మా. ఇంతకీ గుండ్రం దొరకలేదేటి?" అన్నారు. ఏం చెప్పను.

ఇంట్లోనూ అదే. అత్తయ్య ఉంగరం చూసి, "కోడిగుడ్డులా ఉందేంటమ్మా" అన్నారు. కోహినూర్ కూడా ఓవలే అత్తయ్యా, మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందంటారు అన్నాను గొప్పగా. ఆవిడ తగ్గలేదు. "దొరికినప్పుడే అలా ఉందా?" లేదు, 1852లో లండన్‌లో మళ్లీ కోశారు, ఇప్పటి క్యారెట్ల లెక్కలో 191 ఉన్నది 105.6కి వచ్చింది అని ఒప్పుకోవాల్సి వచ్చింది. "చూశావా, అంత రాయినీ కోసి పాడుచేసి గుడ్డు చేశారన్నమాట."

మర్నాడు పొద్దున్న బాల్కనీలో కాఫీ తాగుతూ ఆవిడే అడిగి ఉంగరం పెట్టుకున్నారు. సముద్రం వైపు నుంచి ఎండ బాగా వస్తోంది. చెయ్యి చాపి అటూ ఇటూ తిప్పి, "నల్లగా ఏదో ఉంటుందన్నావు, ఏదీ?" అన్నారు. కొంచెం ముందుకి వంగి చూడండి అన్నాను. వంగారు. రాయి నడుమ సన్నగా ఒక చార వచ్చింది. తల పక్కకి తీశారు, పోయింది. మళ్లీ వంగారు.

"ఓస్, ఇది నా తలకాయేనా!" అన్నారు. కాఫీ చల్లారేదాకా ఉంగరం తీయలేదు.