“ఎంత ఇచ్చారు?” అని అడిగినవాళ్ళకి

నేను బాప్తిస్మం తీసుకున్న వారంలో మా వీధిలో కనీసం పదిమంది అడిగిన మాట ఒకటే, “ఎంత ఇచ్చారేంటి?” అని. డబ్బు తీసుకుని మతం మారానని వాళ్ళ అనుమానం. మా పెద్ద బావగారైతే ఇంటికొచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా, “అప్పులుంటే నాతో చెప్పాల్సింది కదరా, తలా ఇంత వేసుకుని తీర్చేవాళ్ళం” అన్నారు. ఆయన బాధపడే అన్నారు, వెటకారంగా కాదు. అప్పుడు నాకు సమాధానం చెప్పడం చేతకాలేదు. పన్నెండేళ్ళు దాటింది, ఇప్పుడు చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

మాది వేటపాలెం దగ్గర చేనేత కుటుంబం. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి అన్నయ్యది, ఒకటి నాది. చీరాలలో మాస్టర్ వీవర్ దగ్గర నూలూ పట్టూ తెచ్చుకుని కుప్పడం చీరలు కూలికి నేసేవాళ్ళం. వానాకాలం మగ్గం గుంటలో నీళ్ళు ఊరితే వారం పదిరోజులు పని ఉండదు, అప్పులు పెరిగేది అప్పుడే. అమ్మకు చూపు తగ్గాక కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టడానికి పల్లె నుంచి, అంటే దళితులుండే వాడ నుంచి, ఒకామె వచ్చేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. అయినా నేను ఆమెను పేరు పెట్టి “ఏమే” అనే పిలిచేవాణ్ణి, ఆమె నన్ను “బాబూ” అనేది. ఆమెకని ఒక స్టీలు గ్లాసు వసారా చూరులో దోపి ఉండేది. దాహమేస్తే ఆ గ్లాసు తీసి పట్టుకునేది, మేం పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళం, తాగి కడిగి మళ్ళీ చూరులో పెట్టేది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే కాబట్టి అందులో తప్పుందని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది, కానీ ఇది రాయకపోతే మిగతాది అర్థం కాదు.

2009లో అమ్మకు పక్షవాతం వచ్చింది. గుంటూరు తీసుకెళ్ళాం, ఇరవై రోజులకి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే మంచం పుండ్లు పడతాయని చెప్పారు. నా భార్యకి అప్పుడు నిండు నెలలు, వదినకి ఇద్దరు చిన్నపిల్లలు, అన్నయ్యా నేనూ మగ్గం దిగితే ఆ పూట కూలి పోయినట్టే. ఎవరూ పిలవకుండానే ఆమె కండెలు చుట్టడం అయ్యాక లోపలికొచ్చి అమ్మ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నీళ్ళు కాచి ఒళ్ళు తుడిచేది, పాత నేత చీరలు చింపి మెత్తగా మడిచి నడుం కింద పెట్టేది, మడమల కింద పెట్టేది. వాసన వచ్చే గుడ్డలు ఆమే ఉతికేది. నెల తిరిగాక కండెల కూలితో పాటు మూడొందలు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. “కండెలకి ఇచ్చేది ఇవ్వు బాబూ, ఇది దానికి కాదు” అంది.

ఒకరోజు “బాబూ, అమ్మగారి దగ్గర ప్రార్థన చేసుకోనా?” అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. నేను మగ్గం మీద ఉన్నాను, నాడె ఆపి విన్నాను. పెద్దగా కేకలేమీ లేవు. ఈ తల్లికి భయం లేకుండా చెయ్యి ప్రభువా, రాత్రిపూట ఒంటరితనం లేకుండా చెయ్యి, అంతే. బాగుచెయ్యమని కూడా అడగలేదనిపించింది.

అమ్మ పోవడానికి నెల ముందు ఒకసారి నీళ్ళు కావాలని సైగ చేసింది. ఆమె మా ఇంటి గ్లాసుతో ఇస్తే తల అడ్డంగా ఊపింది. మంచం గుమ్మం ఎదురుగానే వేసి ఉంది, బాగున్న చేత్తో చూరు వైపు చూపించింది. మాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. చూరులో గ్లాసు తీసి కడిగి అందులో నీళ్ళిస్తే తాగింది. అప్పటికి అమ్మకి మాట పోయింది కాబట్టి మనసులో ఏముందో చెప్పలేదు. నేను ఊహించి చెప్పను కూడా. చూసింది చూసినట్టు చెప్తున్నాను.

అమ్మ బాగుపడలేదు. మా మందిరంలో స్వస్థతల సాక్ష్యాలు చాలా వింటాను, దేవుణ్ణి స్తుతిస్తాను, నమ్ముతాను కూడా, కానీ నా సాక్ష్యం అది కాదు. అమ్మ 2010 వేసవిలో చనిపోయింది.

దినాలయ్యాక ఆమె వారంపాటు పనికి రాలేదు, జ్వరమని తెలిసింది. చూసొద్దామని బయలుదేరాను. మా వీధి నుంచి పల్లెకి కిలోమీటరు లేదు, ముప్పై రెండేళ్ళొచ్చేదాకా నేను అందులో అడుగుపెట్టలేదు. అక్కడే తాటాకు పాక మందిరం, లోపల ఈత చాపలు, ఒక డోలక్, గోడకి గడియారం. అయ్యగారు (పాస్టర్‌గార్ని మేం అలాగే అంటాం) పగలు తాపీపని చేసేవారు, సాయంత్రం కూటాలు. ఆయన నాకు కొత్త నిబంధన ఒకటిచ్చి, మార్కు సువార్త చిన్నది, పదహారు అధ్యాయాలే, ముందు అది చదవండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి అన్నారు.

రాత్రిళ్ళు మగ్గం పక్కన బల్బు కింద చదివాను. మొదటి అధ్యాయంలోనే కుష్ఠురోగి వచ్చి మోకరిస్తాడు. మాటతో బాగుచెయ్యగలిగిన యేసు, ముందు చెయ్యి చాపి ఆ రోగిని ముట్టుకున్నాడు. అక్కడ ఆగిపోయాను. చూరులో గ్లాసు గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోని మనిషి మా అమ్మను ఏడు నెలలు ముట్టుకుని చూసింది కదా, ఆమెకి అది ఎవరు నేర్పారో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి చాలా ఏడ్చాను, అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

అంతమాత్రాన తెల్లారి విశ్వాసినైపోలేదు. రెండేళ్ళు పట్టింది. ఆదివారం వెళ్ళి చివర తలుపు పక్కన కూర్చుని, ఆఖరి ప్రార్థనకి ముందే లేచి వచ్చేసేవాణ్ణి. మా వీధివాళ్ళు చూస్తారని టెన్షన్. అయ్యగార్ని సవాలక్ష అడిగాను, మంచివాళ్ళకి ఎందుకు కష్టాలు, మా తాతలు నమ్మింది అబద్ధమా, మా అమ్మ సంగతేంటి అని. అన్నిటికీ ఆయన దగ్గర జవాబు లేదు, లేదని ఒప్పుకునేవారు, అది నాకు నచ్చింది. ఏడాది తర్వాత బాప్తిస్మం ఇవ్వండి అంటే “ఇంటావిడ ఏమంటుంది?” అని అడిగారు. ఆడపిల్ల పుట్టింది, రేపు సంబంధాలు ఎలా వస్తాయని ఆమె భయం. అయితే ఆగండి, ఆమెతో పోట్లాడి నీళ్ళలోకి దిగొద్దు అన్నారు. ఆగాను. ఆమె ఒప్పుకున్నాక 2012 డిసెంబరులో, ఆదివారం తెల్లవారుజామున వాడరేవు సముద్రంలో నాకూ ఇంకో ముగ్గురికీ ఇచ్చారు. అలలు మోకాళ్ళకి కొడుతుంటే అయ్యగారు ఒకవైపు, సంఘ పెద్ద ఒకవైపు పట్టుకున్నారు. మునిగి లేచేసరికి నోట్లో ఉప్పు, చెవుల్లో హోరు, ఒడ్డున వాళ్ళు పాడుతున్నారని పెదాలు చూస్తే తెలుస్తోంది కానీ వినబడట్లేదు. బయటికి రాగానే తువ్వాలు పట్టుకుని మా కండెలు చుట్టే ఆమె నిలబడి ఉంది. “వందనాలు తమ్ముడూ” అంది. వందనాలక్కా అన్నాను. ఆ రెండు మాటలే, కానీ అంతకుముందు ముప్పై ఏళ్ళ మా మర్యాదంతా తిరగబడింది అక్కడ. చూరులో గ్లాసు ఆ సాయంత్రమే తీసి లోపల మిగతా గ్లాసులతో పెట్టాను. అన్నయ్య చూశాడు, ఏమీ అనలేదు. ఉగాది లోపు ఇంటి మధ్యలో గోడ కట్టించాడు. నాతో మాటలు ఆగిపోయాయి.

ఇక ఎంత ఇచ్చారన్న సంగతి. నేను చేరేనాటికి పదకొండు కుటుంబాలు, దాదాపు అందరూ కూలీలు. ఆడవాళ్ళు రెండుపూటలా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. శనివారం ఆ డబ్బాలు మందిరానికి వస్తాయి. డోర్నకల్ వైపు సంఘాల్లో అజరయ్య బిషప్ గారి కాలం నుంచే ఈ పద్ధతి ఉంది, ఆయన 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. మావాళ్ళకి ఇదంతా తెలిసి చేసిందేమీ కాదు, అమ్మమ్మలు చేశారు కాబట్టి చేస్తున్నారు. లెక్కల పుస్తకం నాకు అప్పగించారు, పదో తరగతి దాకా చదివానని. ఇంటికి వారానికి ముప్పావు కేజీకి కాస్త తక్కువ వచ్చేది. అందులోంచి ముందు ఎవరూ లేని ఇద్దరు ముసలమ్మలకి కొలిచి ఇచ్చి, మిగిలితే ఆదివారం ఆరాధన తర్వాత వేలం. మొదట్లో మిగిలేదే కాదు. 2016కి ముప్పై నాలుగు ఇళ్ళయ్యాయి, అప్పుడు ఏడాదికి పధ్నాలుగు వేల దాకా వచ్చింది. కోత పండుగకి గుమ్మడికాయలు, వేరుశనగలు, కోడిపుంజులు, ఒకరైతే సొంత దొడ్లో మొదటి అరటిగెల తెచ్చి పెట్టేవారు. ఆ గెల నాలుగుసార్లు వేలంలో పోయి నాలుగుసార్లూ కొన్నవాళ్ళే తిరిగి మందిరానికే ఇచ్చేశారు. నేను నా వంతుగా నెలకో రోజు కూలి ఇచ్చేవాణ్ణి.

ఒక కుటుంబం రెండు సెంట్ల స్థలం ఇచ్చింది. అక్కడ నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. స్థలం ఎవరి పేరుమీదా వద్దు, సంఘం పేరుమీదే ఉండాలని. పాస్టర్‌గారి పేరుమీద రాసేసి, ఆయన తర్వాత పిల్లలు అమ్ముకుంటే కోర్టుల చుట్టూ తిరిగిన సంఘాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. అయ్యగారే ముందు సరే అన్నారు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించాం, దానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు, అక్క ఒకరు. ఆమె వేలిముద్ర వేయనని, సంతకం నేర్చుకునేదాకా కాగితాలు ఆపించింది, పద్దెనిమిది రోజులు. ప్రార్థన మందిరానికి మామూలు ఇంటి ప్లాను అనుమతి సరిపోదన్నారు, మా ఫైలు కలెక్టర్ దాకా వెళ్ళింది. అప్పటికి మాది ప్రకాశం జిల్లా కాబట్టి ఒంగోలుకి రైల్లో తిరిగాం, పద్నాలుగు నెలలు. 2018లో స్లాబు పడింది. అయ్యగారు తాపీమేస్త్రీ కావడంతో గోడలకి కూలి ఖర్చు లేకుండా పోయింది.

అంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. మైకు సౌండు మీద పక్కవీధివాళ్ళతో మాటామాటా వచ్చింది, తప్పు మాదే, తగ్గించుకున్నాం. పెద్దల ఎంపికలో మా నేతవీధి నుంచి వచ్చిన రెండు కుటుంబాలు చదువుకున్నవాళ్ళకే పదవులుండాలని అన్నాయి, మాట పెరిగి వెళ్ళిపోయాయి. వాళ్ళ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, నేనూ అలాగే పెరిగాను.

ఆ గొడవప్పుడు అయ్యగారు క్లౌ దొరగారి సంగతి చెప్పారు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఆయన. పై కులాల పిల్లలు ఆయన స్కూలుకి బాగానే వస్తున్నారు. ఈలోగా తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, మాదిగవారు, విశ్వాసి అయ్యి తనవాళ్ళని తీసుకురావడం మొదలుపెట్టారు. వాళ్ళని చేర్చుకుంటే మా పిల్లల్ని స్కూలుకి పంపం అని పై కులాల పెద్దలు చెప్పేశారు. క్లౌ గారూ ఆయన భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట, మొదటి కొరింథీ పత్రికలో, గొప్పవంశంవాళ్ళు అనేకులు పిలవబడలేదన్న భాగం. పేరయ్యవాళ్ళని చేర్చుకున్నారు, స్కూలు పిల్లలు వెళ్ళిపోయారు. ఇవాళ మేం కూర్చున్న చాపలు అక్కడినుంచి వచ్చినవే అన్నారు అయ్యగారు.

ఆయనే ఇంకోటి కూడా చెప్పారు, అది తర్వాత పనికొచ్చింది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు చాలామంది, ఆయన పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం పని ఆగిపోయాక కూడా వాళ్ళు వస్తూనే ఉంటే అప్పుడు ఇచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నూలు రాదు, చీర పోదు, మా వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. మందిరం మూసి ఉంది కానీ పిడికెడు బియ్యం ఆగలేదు, అప్పటికి యాభై ఇళ్ళు. కొంత నిల్వ ఉంది, కొంత కానుకలతో కొన్నాం. ఇంటికి పది కేజీలు చొప్పున నేతవీధిలో, పల్లెలో ఇవ్వాలని జాబితా రాశాం. అయ్యగారు ఒకటే షరతు పెట్టారు. బియ్యం తీసుకున్న ఏ కొత్త ఇంటికీ ఏడాదిపాటు ఎవరూ ప్రార్థనకి వెళ్ళొద్దు, కరపత్రం ఇవ్వొద్దు, మందిరానికి రమ్మని పిలవొద్దు. మనంతట మనం ఒక్క మాట కూడా ఎత్తొద్దు. కుర్రాళ్ళు కొందరు గొణిగారు, అయినా అందరూ పాటించారు.

జాబితాలో అన్నయ్య పేరు నేను రాయలేదు, రాయడానికి ధైర్యం చాలలేదు. అక్క రాయించింది, సంచీ కూడా ఆమే మోసుకెళ్ళింది. వదిన తీసుకుందట.

ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు, ఏడేళ్ళ తర్వాత. గోడ అవతలనుంచి ఆయన గొంతు విడిగా వినిపిస్తోంది, ఫోన్లో విడిగా. “ఎంత ఇచ్చారురా, పది కేజీలేనా? లెక్క రాసుకో. మగ్గం ఆడగానే ఇచ్చేస్తా.” అలాగే అన్నయ్యా అన్నాను. తర్వాత ఇద్దరం ఏం మాట్లాడాలో తెలీక కాసేపు అలాగే ఉన్నాం. పాప ఎలా ఉంది అన్నాడు. బాగుంది అన్నాను.

ఆ నవంబరులో మందిరం మెట్ల మీద ఒక బియ్యం సంచీ ఉంది, మూతికి ముడి మా ఇంట్లో పడుగు కట్టే ముడి, చూడగానే పోల్చుకున్నాను. ఆయన లోపలికి రాలేదు, ఇప్పటికీ రారు, మేం పిలవలేదు. తూకం వేస్తే పన్నెండు కేజీలు. పుస్తకంలో ఆయన పేరు పక్కన పన్నెండు అనే రాశాను.