బాక్స్‌ఎన్ వ్యాగన్ కిట్లు: నడక ముందు, ముస్తాబు తరువాత

బొగ్గు, ఖనిజం మోసే, పైన తెరిచి ఉండే బాక్స్‌ఎన్ గూడ్సు వ్యాగన్ల నమూనాలు చేస్తున్నాను. మొదటి జత రంగు దశకు వచ్చింది. మిగిలిన కిట్లకు చక్రాలు, బరువు పూర్తయ్యాయి. కమ్మీల పని ఉంది. ఇవి 1:87 స్కేలులో త్రీడీ ప్రింటర్‌పై రెజిన్‌తో తయారైన కిట్లు. ఈ రకాన్నే ఎంచుకోవడానికి కారణం మా ఊరే. విజయనగరం జంక్షన్‌లో కాసేపు నిలబడితే రాయగడ వైపు నుంచి దిగే గూడ్సులోనో, హౌరా–చెన్నై మెయిన్ లైనుపై సాగే ఖాళీ రేకులోనో (కలిపి కట్టిన వ్యాగన్ల వరుసలోనో) ఇవి వరుసగా కనిపిస్తాయి. అసలు వ్యాగన్ అంత దగ్గరగా చూడగలిగినప్పుడు కిట్‌లోని లోటుపాట్లు దాగవు.

ముందు కొలతలు సరిచూశాను. అసలు వ్యాగన్ పెట్టె పొడవు 9,784 మి.మీ., కప్లింగులతో కలిపి 10,713 మి.మీ. వీటిని 87తో భాగిస్తే 112.5, 123 మి.మీ. వస్తాయి. బోగీల (పెట్టె కింద రెండు కొసలా ఉండే నాలుగేసి చక్రాల చట్రాల) కేంద్రాల మధ్య దూరం 6,524 మి.మీ., అంటే నమూనాలో 75. కిట్ ఇక్కడ నిజాయితీగా ఉంది. తేడా చక్రాల్లోనే వచ్చింది. అసలు చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1,000 మి.మీ.; అరిగి 906కు చేరితే తీసేస్తారు. నమూనాలో అది 11.5 నుంచి 10.4 వరకు. కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ చక్రాలు అంతకంటే చిన్నవి. వాటిని పక్కన పెట్టి 11 మి.మీ. లోహపు చక్రాలు వేశాను. కొంత అరిగిన అసలు చక్రానికి అవి సరిగ్గా సరిపోతాయి. వేసే ముందు చక్రపు అంచు పెట్టె అడుగుకు తగలడం లేదని మలుపు పట్టాలపై చూసుకోవాలి.

పట్టాల వెడల్పు విషయంలో మాత్రం రాజీ తప్పదు. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ.; 1:87లో 19.3 కావాలి. దొరికే హెచ్‌ఓ (1:87 స్కేలు నమూనాల) పట్టాలు 16.5. పట్టాలతో సహా అన్నీ సొంతంగా చేసుకునే ఓపిక ఉన్నవారికి 19.3 సాధ్యమే. నా ఓపిక వ్యాగన్ల మీద పెట్టాలనుకున్నాను.

నడక బాగుపడాలంటే నా దృష్టిలో రెండు పనులు చాలు. మొదటిది, ఒక బోగీ స్క్రూను పక్కలకు ఊగకుండా, ఎడమకూ కుడికీ తిరగడానికి మాత్రమే వీలుండేలా బిగించడం. రెండో బోగీ స్క్రూను కాస్త వదులుగా ఉంచి ఊగనివ్వడం. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద నిలిచినట్టు, పట్టాల అతుకుల దగ్గర నాలుగు ఇరుసుల చక్రాలూ పట్టాలకు ఆనుతాయి. ఇరుసుపై చక్రాల లోపలి అంచుల మధ్య 14.4 మి.మీ. ఉందో లేదో కూడా అప్పుడే కొలవాలి. తక్కువైతే పట్టా మారే చోట చక్రం ఎక్కి కూర్చుంటుంది.

రెండోది బరువు. అమెరికా నమూనా రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, దానిపై అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలి. ఈ పొడవుకు అది 91 గ్రాములు. కిట్ అందులో సగం కూడా తూగదు. పైన తెరిచి ఉండే పెట్టె కాబట్టి బరువు దాచే చోటు అడుగున, మధ్య దూలానికి అటూ ఇటూ మాత్రమే. శ్రీకాకుళం తీరంలో విసురు వలల అంచుకు కట్టే సీసపు గుళ్లు ఇందుకు అచ్చంగా పనికొస్తాయి. సుత్తితో చదును చేసి ఎపాక్సీతో అతికించాను. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి.

కప్లింగులకు కాడీ కంపెనీ రకం పెట్టాను. బాక్స్‌ఎన్‌కు పక్క బఫర్లు లేవు, మధ్యలో పిడికిలి ఆకారపు కప్లింగే ఉంటుంది కనుక రూపం బాగా కుదిరింది. ఎత్తు కుదరదు. అసలు వ్యాగన్‌లో ఖాళీగా ఉన్నప్పుడు అది 1,105 మి.మీ. వరకు, అంటే నమూనాలో 12.7. కాడీ ప్రమాణం 9.9. ఇంజన్లన్నీ 9.9కే ఉన్నాయి కాబట్టి రేకు మొదటా చివరా ఉండే వ్యాగన్ల బయటి కొసలకు 9.9 ఉంచి, లోపలి కప్లింగులన్నిటికీ 12.7 పెట్టే ఆలోచన చేస్తున్నాను. లోపలి వ్యాగన్లు ఎప్పుడూ ఒకదాన్నొకటి విడిచి వెళ్లవు కదా.

రెజిన్‌పై పొరల గీతలు పోవడానికి 400, తరువాత 800 నంబరు ఎమెరీ పేపరు నీళ్లతో వాడాను. పక్క గోడలను కొత్త పెట్టెలా నిటారుగా వదిలేయడానికి మనసొప్పలేదు. అసలు వ్యాగన్లకు నిలువు కమ్మీల మధ్య గోడ రేకు (లోహపు పలక) బయటికి ఉబ్బి ఉంటుంది. వేడి నీళ్లలో ముంచి రెజిన్ మెత్తబడగానే లోపలి నుంచి చెంచా వెనకభాగంతో నొక్కితే ఆ ఉబ్బు వస్తుంది. చల్లారేదాకా పట్టుకోవాలి. నా దృష్టిలో ఈ కిట్‌కు ఇంతకంటే మంచి మెరుగు లేదు. కిట్‌లో లావుగా ముద్రించిన మెట్ల కమ్మీలను కోసేసి 0.4 మి.మీ. ఇత్తడి తీగ వంచి పెట్టాను.

రంగు బయట ఎర్ర గోధుమ. లోపల అది ఉండకూడదు. బొగ్గు రాసుకుని రాసుకుని పోయిన రంగు అడుగున తుప్పే ఉంటుంది. వాన వెలిసిన సాయంత్రం స్ప్రే చేస్తే తేమకు రంగు పాలిపోతుంది. ఎండ కాసే ఉదయం కోసం ఆగుతాను.

సరుకు ఎత్తును చాలామంది పట్టించుకోరు. పెట్టె సామర్థ్యం దాదాపు 56 ఘనపు మీటర్లు. బొగ్గయితే నిండుగా ఉంటుంది. ఇనుప ఖనిజం బరువైనది కాబట్టి సగానికి కూడా రాకముందే మోయగలిగిన బరువు నిండిపోతుంది. బైలదిల్లా ఖనిజం కొత్తవలస మీదుగా విశాఖకు పోయే లైను మన జిల్లాలోనే ఉంది. ఆ సరుకు వేసేవారు కుప్పను అడుగునే ఉంచండి. కళింగపట్నం దగ్గర తీరంలోని నల్ల ఇసుక చూడటానికి ఖనిజంలాగే ఉన్నా వాడవద్దు. అందులో అయస్కాంతానికి అంటుకునే రేణువులున్నాయి, అవి ఇంజను మోటారులోకి చేరతాయి. నాగావళి ఇసుకను కడిగి, టీ వడపోతతో జల్లించి, అయస్కాంతం తిప్పి చూసి, తుప్పు రంగు కలిపాను.

నంబర్లు 11 అంకెలు: రకం రెండు, యజమాని రైల్వే రెండు, తయారైన సంవత్సరం రెండు, వరుస సంఖ్య నాలుగు, చివరిది సరిచూసే అంకె. సరి స్థానాల మొత్తాన్ని మూడుతో హెచ్చించి, బేసి స్థానాల మొత్తం కలిపి, పై పదికి ఎంత తక్కువైతే అదే చివరి అంకె. 10 07 98 0457 అయితే 78కి 15 కలిపి 93, చివర 7. డీకాల్ (వ్యాగన్‌పై అతికించే నంబర్ల అచ్చు) వేసే ముందు ప్రతి వ్యాగన్‌కూ ఈ లెక్క వేస్తున్నాను.

ఈ రేకు పూర్తయ్యాక నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు 1900లో మొదలైన నేరోగేజి లైను వ్యాగన్లు చేయాలని ఉంది. దాని గేజి అప్పట్లో 762 మి.మీ.; 87తో భాగిస్తే 8.76. ఎన్ గేజి అనే ఇంకా చిన్న నమూనా రైళ్ల 9 మి.మీ. పట్టాలు దాదాపు సరిపోతాయి, చక్రాలు కూడా అవే. పెట్టెలను 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటుతో కోస్తాను. ప్రస్తుతం ఆ వ్యాగన్ల కొలతలు సేకరించే పనిలో ఉన్నాను.