ఎవరూ కోయని స్టార్లెట్ కోసం

నా దగ్గరున్న పాత కార్లలో రియర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు అందే చిన్న కారు ఒక్కటీ లేదన్న లోటు చాలాకాలంగా ఉంది. చిన్న కార్లన్నీ ఒక్కొక్కటిగా ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు మారిపోయిన కాలం ఒకటుంది. ఒపెల్ కాడెట్ 1979లో మారింది, ఫోర్డ్ ఎస్కార్ట్ 1980లో మారింది. టొయోటా స్టార్లెట్ మాత్రం 1984 దాకా పాత పద్ధతినే పట్టుకుని ఉంది: ఇంజిన్ ముందు, తోసే చక్రాలు వెనక. 1978లో వచ్చిన ఆ తరం మోడల్‌ను దాని కోడ్‌తో కేపీ61 అంటారు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,300 మిల్లీమీటర్లే. నాకు కావలసింది అదే.

వెతకడం మొదలుపెట్టాక అసలు చిక్కు తెలిసింది. కార్లు ఉన్నాయి, కానీ ఉన్నవి ఉన్నట్టుగా లేవు. తేలికైన బాడీ, వెనక నుంచి తోసే చక్రాలు కావడంతో ర్యాలీలకూ, వెనక చక్రాలను జారిస్తూ నడిపే డ్రిఫ్టింగ్‌కూ వీటిని తెగ వాడేశారు. పెద్ద ఇంజిన్ పట్టడానికి బాడీ లోపల కోస్తారు, వెడల్పు టైర్ల కోసం మడ్‌గార్డులు కోస్తారు, ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులూ కోస్తారు. ఏ గుణం చూసి నేను ముచ్చటపడ్డానో ఆ గుణమే వీటి మీదికి కట్టర్లు తెచ్చింది. అలా మార్చిన కారును నడపడం సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ దాచుకోవడానికి కొనే కారు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను తగ్గదలచుకోలేదు.

ఒకాయన "అంతా ఒరిజినలేనండీ, చేయి కూడా పెట్టలేదు" అన్నారు. కొత్త పెయింట్ మెరిసిపోతోంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపాం. హ్యాండ్ బ్రేక్ వదిలి, బండిని గేరులో ఉంచి ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పబోయాను. రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరిగే వీలిచ్చే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు. అది మామూలుదైతే అవతలి చక్రం ఎదురు దిశలో తిరగాలి. ఇక్కడ రెండు చక్రాలూ అసలు కదల్లేదు. అంటే లోపలి గేర్లను వెల్డింగ్ చేసి ఉండాలి, లేదా వేరే రకం డిఫరెన్షియల్ పెట్టి ఉండాలి. ఏదైనా ఆ కారు ఒకప్పుడు పోటీల్లో తిరిగిందన్నమాట. కార్పెట్ ఎత్తి చూస్తే గేర్ లీవర్ చుట్టూ వెల్డింగ్ అతుకులు కూడా కనిపించాయి. నమస్కారం పెట్టి వచ్చేశాను.

చివరికి దొరికిన కారు ఒక పెద్దాయనది. రంగు వెలిసిపోయింది, ఒక తలుపు మీద సొట్ట ఉంది. నాకు అదే ధైర్యాన్నిచ్చింది. కొత్త పెయింట్ కింద ఏం దాచారో తెలియదు, పాత రంగు ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నేను వచ్చేలోపు స్టార్ట్ చేయొద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచాను. వేడెక్కిన ఇంజిన్ చాలా జబ్బులు దాచేస్తుంది. బోనెట్ మీద చేయి పెడితే చల్లగా ఉంది. చోక్ లాగి తాళం తిప్పితే కాసేపు గునిసి అందుకుంది. మొదట్లో కొద్దిగా నీలం పొగ వచ్చి ఆగిపోయింది. అది వాల్వ్ సీళ్ల పని. రోడ్డు మీద ఇంజిన్ లాగుతున్నప్పుడు కూడా పొగ వస్తూనే ఉంటే పిస్టన్ రింగుల మీద అనుమానపడాలి, అలా రాలేదు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు మాత్రం కింద నుంచి టక్కుమని చప్పుడు వచ్చింది. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు, అంటే క్రాసులు, అరిగాయని అర్థమైంది. అది మార్చుకోగలిగినదే.

నిజానికి ఇంజిన్ గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. దీని 4కే ఇంజిన్ 1966 నాటి మొదటి కొరొల్లాతో వచ్చిన కుటుంబంలోది. అదే కుటుంబం ఇంజిన్లు వ్యాన్లలో కూడా వాడారు కాబట్టి పార్టులు దొరుకుతాయి. భయమంతా తుప్పు గురించే. ముందు సస్పెన్షన్ బాడీకి బిగించే చోటు, తలుపుల కింది అంచులు, వెనక చక్రాల పైకమానులు, స్టెప్నీ గుంట, వెనక తలుపు అడుగు అన్నీ చూశాను. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని వాటి మీద నెమ్మదిగా జరుపుతూ పోయాను. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఒక తలుపు కింది అంచులోనే అలా తేలింది. రియర్ యాక్సిల్‌ను పట్టుకునే రాడ్లు బాడీకి బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూశాను. రేకు గట్టిగా ఉంది. అక్కడ మెత్తబడి ఉంటే కారు ఎంత అందంగా ఉన్నా వదిలేసేవాణ్ణి.

కాగితాల్లో ఛాసిస్ నంబరు, బాడీ మీద కొట్టిన నంబరు, ప్లేటు మీద నంబరు మూడూ కలిశాయి. ఇంజిన్ బ్లాక్ మీది నంబరు కూడా కాగితాల్లోని ఇంజిన్ నంబరుతో కలిసింది. ఇంజిన్ మార్చిన కార్ల గుట్టు ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది.

బేరం నాకు చేతనైన పనే. అయినా ఆయనతో గీచిగీచి మాట్లాడాలనిపించలేదు. కనిపించిన లోపాలన్నీ కాగితం మీద రాసి చేతికిచ్చాను. ఆయన నిదానంగా చదివి, "ఇవన్నీ ఉన్న మాటే బాబూ" అని తనే ధర తగ్గించారు.

ఇంటికి ట్రక్కు మీదే తెచ్చాను. చాలా ఏళ్లు సరిగా తిరగని కారు బ్రేకు గొట్టాలను నమ్మి దూరం పోకూడదు. టైర్ల పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వాటిని బట్టి చూస్తే ట్రెడ్ నిండుగా ఉన్నా రబ్బరు ఎప్పుడో ముసలిదైపోయింది. టైర్లు, బ్రేకు గొట్టాలు, సీళ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు మార్చాను. పెట్రోలు ట్యాంకు దింపి కడిగించాను. పెయింట్ జోలికి మాత్రం పోలేదు, పోను కూడా. ఇక మిగిలింది వెనక అద్దం చుట్టూ ఉండే రబ్బరు. ఇంజిన్ పార్టుల్లా కాదు, ఇలాంటివి దొరకడమే కష్టం. వేరే కారు రబ్బరు కోసి సర్దేద్దామని మెకానిక్ అంటున్నాడు. నేను వద్దన్నాను, ఇంకా వెతుకుతున్నాను.