చేతికర్ర ఏ చేతిలో పట్టుకోవాలి?

మోకాలు నొప్పి కుడికాలికైతే కర్ర ఎడమచేతిలో ఉండాలి. చాలామంది పెద్దవాళ్లు నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. అలా చేస్తే ఒళ్లంతా ఆ కాలివైపే వాలుతుంది, బరువు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కర్రా, నొప్పికాలూ ఒకేసారి ముందుకు పడాలి, తర్వాత మంచికాలు.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పెద్దవాళ్లను నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడనివ్వండి. కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగుతుంది. పొడవెక్కువైతే భుజం పైకి లేచి మెడ పట్టేస్తుంది, పొట్టిదైతే నడుం వంగిపోతుంది. అల్యూమినియం కర్రలో బొత్తాం నొక్కి ఎత్తు మార్చాక, అది రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడండి. సగమే వస్తే బరువు పడగానే కర్ర కిందికి జారిపోతుంది.

కింది రబ్బరును నెలకోసారి తిరగేసి చూడాలి. గీతలు అరిగి నున్నగా అయితే తడి గ్రానైటు మీద నిలవదు. మార్చడానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే, దయచేసి వాయిదా వెయ్యకండి.

మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, తర్వాత కర్ర, నొప్పికాలు. దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పికాలు, ఆ తర్వాత మంచికాలు. గడప దాటడానికీ ఇదే పద్ధతి. రెండో చెయ్యి రెయిలింగు మీదే ఉండాలి.

స్నానాలగదిలో మాత్రం కర్రను నమ్ముకోవద్దు, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. తువ్వాలు తగిలించే కడ్డీ మనిషి బరువు ఆపలేదు.